అక్క పాటా, ఐసుముక్కా, ఓ చిన్న గ్రంథీ

మా అక్క పెద్దింట్లమ్మ నోరు మూస్తేనే మా ఊళ్ళో చేపలు అమ్ముడుపోతాయి. వెటకారం కాదు, మా రేవు కట్టుబాటే అంత.

మాది కైకలూరు అవతల, కొల్లేటి ఒడ్డున ఉన్న ఊరు. తెల్లారేసరికి దోనెలు రేవుకు చేరతాయి. ఎవరి చేపలు వాళ్ళు చాపల మీద రాశులు పోస్తారు. విజయవాడ నుంచి, ఏలూరు నుంచి వచ్చిన వ్యాపారులు చుట్టూ మూగుతారు. మధ్యలో ఒకరు నిలబడి వేలం పాడతారు. వేరే చోట్ల అయితే ఒకటోసారి, రెండోసారి అని లెక్కపెట్టి ఖాయం చేస్తారట. మా దగ్గర ఆ లెక్కలేవీ లేవు. పాడే మనిషి ధర పెంచుకుంటూ, చేపను పొగుడుకుంటూ, వ్యాపారులను దెప్పుకుంటూ ఆగకుండా పాడాలి. ధర గిట్టుబాటు అయిందనిపించిన క్షణాన ఠక్కున నోరు మూయాలి. గొంతు ఎక్కడ ఆగిందో అక్కడ పాట తెగినట్టు. అప్పటికి చివరి మాట ఎవరిదో సరుకు వాళ్ళది.

మా నాన్న తర్వాత ఆ పాట నాకు రావాలి. నేను పాడిన ఒకే ఒక్క పొద్దు విని రేవు పెద్దలు దండం పెట్టేశారు. "అబ్బాయ్ సూర్యప్రకాషూ, నువ్వింకేదన్నా పని చూసుకో నాయనా" అన్నారు. నేను ఐసు ఫ్యాక్టరీ పెట్టుకున్నాను. ఐసుకు గొంతుతో పనిలేదు. అక్క నడుముకు కొంగు బిగించి చాపల మధ్యకు దిగింది. ఇక అప్పటి నుంచి ఆ రేవు ఆమెదే. చవకరకం జెల్లలను కూడా కొర్రమీను ధర దరిదాపులకు తీసుకెళ్ళి అప్పుడు నోరు మూసేది. మా బావ పోలరాజు ఆ నోటికి జడిసి, ఇంట్లో ఉన్నంతసేపూ వల బాగుచేసుకుంటున్నట్టు నటించేవాడు. ఆ వల చిరిగిందో లేదో ఎవరికీ తెలియదు.

తొంభై ఎనిమిది వేసవిలో మొదటి గొడవ కంటితో వచ్చింది.

పెద్ద వ్యాపారులు నోటితో పాడరు. పక్కవాడికి తెలియకుండా కనుబొమ్మ ఎగరేస్తారు, చెవి రుద్దుకుంటారు, కన్ను గీటుతారు. అక్క ఒక్కటీ వదలకుండా పట్టుకుని ధర పెంచేది. ఆ వేసవిలో సగం రాశులు అయ్యేసరికి అక్క ఎడమ కంటి రెప్ప కిందికి జారడం మొదలైంది. ఆమెకు ఎదురుగా ఎప్పుడూ నిలబడేది విజయవాడ వ్యాపారి మరియదాసు. ఏలూరు వాళ్ళకు అనుమానం వచ్చింది.

"ఏవమ్మా, మరియదాసుకి కన్నుకొట్టి మరీ ఇస్తన్నావే సరుకు! మేవేం పాపం చేశాం?" అని ఒకాయన నలుగురిలో అడిగేశాడు.

అక్కకు నలభై అయిదు దాటాయి. మరియదాసుకు మనవలున్నారు. పాపం అతను సిగ్గుతో గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అక్క ఆ ఏలూరాయన ఏడు తరాలనూ నిలబెట్టి కడిగింది గానీ, రెప్ప మాత్రం పైకి లేవలేదు. బావ ఆ పూట ఇంటికొచ్చి చాలాసేపు అద్దంలో మీసం చూసుకున్నాడు.

కంటితో ఆగితే నవ్వుకుని ఊరుకునేవాళ్ళం. తర్వాత గొంతుకు వచ్చింది. పొద్దున మొదటి రాశికి కంచులా మోగే గొంతు, పోనుపోను ముక్కులోంచి వచ్చేది. ఆ పైన వట్టి గాలై జారిపోయి ఆగేది. ఇంటికెళ్ళి కాసేపు పడుకుంటే మళ్ళీ మామూలే. కానీ మా రేవులో గొంతు ఆగడమంటే ఏమిటో చెప్పాను కదా. ఒకరోజు సుబ్బరత్నం పోసిన రొయ్యల రాశి మీద పాట ఇంకా కిందే ఉండగా అక్క గొంతు తెగింది. చివరి మాట మరియదాసుది. నీళ్ళ ధరకు పోయాయి రొయ్యలు. అతను వాటిని వ్యానెక్కించుకున్నాడు. కట్టుబాటు ప్రకారం అతని తప్పేమీ లేదు. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

సుబ్బరత్నం భర్త పోయాక తనే దోనె వేసుకుని కొల్లేట్లో తిరిగే మనిషి. చాప దులుపుకుంటూ అంది: "ఒంట్లో బాగోపోతే మానెయ్యొచ్చుగా వొదినా. నా నోట్లో మట్టెందుక్కొడతావు?"

అంతవరకూ అక్కను ఆ రేవులో ఎవరూ అంత మాట అనలేదు. ఆ పూట అక్క అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. ఏడుపు కూడా గట్టిగా రాలేదు. 

మర్నాటి నుంచి రేవులో కొత్త తగువు మొదలైంది. అక్క గొంతు బాగున్నప్పుడే తమ సరుకు అమ్ముడుపోవాలని అందరూ మొదటి రాశి కోసం కొట్టుకునేవారు. చీకటి విడకముందే చాపలు పరిచి, వాటి మీద చెప్పులు పెట్టి వెళ్ళేవారు.

ఐసు సంగతి బయటపడింది నా ఫ్యాక్టరీలోనే. ఒకరోజు పాట మధ్యలో ఆపుకుని అక్క వచ్చి ఐసుదిమ్మల పక్కన కూలబడింది. కన్ను మండుతోందని ఒక ఐసుముక్క తువ్వాల్లో చుట్టి రెప్ప మీద ఒత్తుకుంది. కాసేపటికి తువ్వాలు తీసింది. నేను అరిచిన అరుపుకు పనివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. అక్క రెండు కళ్ళూ సమానంగా, నిండుగా తెరుచుకుని ఉన్నాయి. కాసేపే ఉండి మళ్ళీ జారిందనుకోండి. మళ్ళీ ఐసు పెట్టాం, మళ్ళీ లేచింది!

"వేడి!" అన్నాడు బావ. "నే ముందే అనుకున్నా. ఒంట్లో వేడి చేసింది. చలవ తగిల్తే తగ్గుద్దంటే ఇంకేవనుకోవాలి?"

చేపలోళ్ళం కదా, ఎండలో పెడితే పాడైపోయేదీ, ఐసులో పెడితే నిలబడేదీ రోజూ మా చేతుల్లో చూస్తూనే ఉంటాం. మా లెక్కకు అక్క జబ్బు అంతకంటే తేలికగా తేలే వీలు లేదు. ఊరు ఊరంతా ఒక్కమాట మీద నిలబడింది. సబ్జా నీళ్ళు, బార్లీ, మజ్జిగ, తాటిముంజలు మా అక్క ఇంటికి వరదకట్టాయి. రొయ్యలు వేడి, పీతలు వేడి, కోడి వేడి అని మాన్పించారు. చివరికి ఎవరో చేపలు కూడా వేడే అన్నారు. కొల్లేటి ఒడ్డున పుట్టి, చేపలమ్మి బతికే మనిషి సొరకాయ కూరతో అన్నం తినడం నేను కళ్ళారా చూశాను. నేనైతే రోజూ ఒక ఐసుదిమ్మ ఆమె పేరు మీద పక్కన పెట్టించేవాణ్ణి. నా ఐసు మందుగా పనిచేస్తోందని కాస్త గర్వం కూడా ఉండేది. ఉండేది ఏమిటి, ఇప్పటికీ ఉంది.

ఆ చలికాలం అక్క నిజంగానే కాస్త తేరుకుంది. బావ ఊళ్ళో వైద్యుడి లెక్కన తిరిగాడు. మళ్ళీ ఎండలు ముదిరాయి. ఆ వైద్యమంతా గోదాట్లో కలిసింది. మజ్జిగ తాగితే ముక్కులోంచి వచ్చేది. నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ అలిసిపోయి, చేత్తో గడ్డం పట్టుకుని నమిలేది. నవ్వబోతే మొహం కోపంగా కనపడేది. ఒకటి రెండుగా కనపడేది.

"ఒక మరియదాసుతోనే వేగలేకపోతన్నా, ఇద్దరు కనపడతన్నార్రా!" అని గొణిగింది ఒకరోజు. అలాంటప్పుడు కూడా నవ్వించేది, తను నవ్వలేకపోయినా.

రేవు పెద్దలు ఇంటికి వచ్చారు. మాటలు వెతుక్కుంటూనే చెప్పారు. ప్రస్తుతానికి మా బావ అన్న కొడుకు గంగాధర్ మైకు పెట్టి పాట నడుపుతాడు. అక్క ఒంట్లో నయం చేసుకుని రావాలి. మొదటి రాశి నుంచి ఆఖరి రాశి దాకా తను మూయాలనుకున్న చోట తప్ప గొంతు ఎక్కడా తెగకుండా పాడిన రోజున రేవు మళ్ళీ ఆమెదే. మధ్యలో తెగితే మాత్రం ఇక ఆ పాట గంగాధర్‌దే.

అక్క తల ఊపింది. వాళ్ళు వెళ్ళాక నా వైపు తిరిగి, "బెజవాడ తీసుకుపోరా. ఆ పాట లేకపోతే నేనెవర్ని?" అంది. నేను ఆ పూటే వ్యాను తీశాను.

గవర్నర్‌పేటలో ఒక కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. రెప్ప కదా జారేది, అందుకని. అక్క చేతిలో తువ్వాల్లో చుట్టిన ఐసు. బయట కూర్చున్నంతసేపూ అది కరిగి, బెంచీ మీద నుంచి గుమ్మం దాకా కాలవ కట్టింది. అటెండరు చీపురు పట్టుకుని మమ్మల్ని తిడుతుంటే డాక్టరు గారే బయటికి వచ్చారు.

"ఏంటమ్మా ఆ ఐసు?"

"వేడండీ. ఇది పెడితే కన్ను లేస్తదండీ" అంది అక్క.

ఆయన మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. లోపలికి పిలిచి, ఐసు తీయించి, పైకి చూస్తూ ఉండమన్నారు. రెప్ప మెల్లగా జారింది. ఐసు పెట్టించారు. లేచింది. ఆయన సంబరం చూడాలి! పక్క గదిలోని ఇంకో డాక్టర్ని కూడా పిలిచి చూపించారు. నేను బావను మోచేత్తో పొడిచి, "మన ఐసే" అన్నాను.

"ఐసు పెడితే లేవటం నిజమేనండీ, వేడి చేయటమే నిజం కాదు" అన్నారు డాక్టరు గారు. "ఇది కంటి జబ్బు కాదు. మీరు ఇవాళే నరాల డాక్టరు గారిని కలవాలి." తనే ఫోను చేసి పంపించారు. బయటికొచ్చాక అటెండరు మాకు ఆటో పిలిచి పెట్టాడు.

నరాల డాక్టరు రాజ్యలక్ష్మి గారు సన్నగా, చిన్నగా, స్కూలు టీచరులా ఉంటారు. అక్కను చేతులు చాపి పట్టుకోమన్నారు, ఒకటి నుంచి పైకి లెక్కపెట్టమన్నారు. లెక్క సాగేకొద్దీ గొంతు ముక్కులోకి దిగి, చివరికి గాలైపోయింది. అప్పుడు ఒక ఇంజక్షన్ ఇచ్చారు. మంచం మీద కూర్చోబెట్టి మాతో మామూలు కబుర్లు చెబుతూ ఉన్నారు, కొల్లేట్లో ఇప్పుడు ఏ చేప పడుతోందని.

కాసేపటికి అక్క రెప్పలు రెండూ లేచాయి. దవడ గట్టిపడింది. మెల్లగా మా బావ వైపు తిరిగింది.

"ఏవయ్యా! సంవత్సరంపాటు నా చేత సొరకాయ తినిపిస్తావా?"

వార్డంతా వినపడింది. ఒక నర్సు చేతిలోని పళ్ళెం జారవిడిచింది. నెలల తరబడి విననే లేదు ఆ గొంతును. బావ తిట్లు తింటూ, కళ్ళు తుడుచుకుంటూ, "తిట్టవే, ఇంకా తిట్టు" అన్నాడు. అక్క ఆగలేదు. మంచం దిగి, కొంగు బిగించి, ఎదురుగా ఉన్న ఇనుప స్టూలును చూపించి పాట ఎత్తుకుంది. "రండయ్యా రండి, ఎర్రగా మెరిసే శీలావతి, పొద్దుటి నీళ్ళు ఇంకా ఆరలేదు..." వరండాలో ఉన్న రోగుల బంధువులు గుమ్మం దగ్గర మూగారు. గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు నిజంగానే ధర పాడారు. రాజ్యలక్ష్మి గారు ఆపలేదు. చేతిగడియారం చూసుకుంటూ నవ్వుతూ నిలబడ్డారు.

మందు పని అయిపోయేసరికి గొంతు మళ్ళీ జారింది. అక్క మంచం మీద కూర్చుండిపోయింది. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని, గాలి లాంటి గొంతుతో అడిగింది.

"ఇంకొకటి పొడవండమ్మా. ఉంది గదా నా గొంతు, లోపలే ఉంది గదా."

"ఉందమ్మా, ఎక్కడికీ పోలేదు" అన్నారావిడ. ఆ మాటతోనే నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

ఛాతీకి స్కానింగు తీయించారు. గొంతు పోతే ఛాతీ ఎందుకని బావకు అనుమానం. మర్నాడు రాజ్యలక్ష్మి గారు ఆ ఫిలిమ్‌ను వెలుతురు పెట్టెకు తగిలించి, రొమ్ము మధ్య ఎముక వెనక, గుండెకు పైన ఉన్న ఒక మసక ముద్దను చూపించారు.

"దీన్ని థైమస్ అంటారు. తెలుగు పుస్తకాల్లో బాలగ్రంథి. చిన్నపిల్లల్లో పెద్దగా ఉంటుంది. వయసు వచ్చేకొద్దీ కుంచించుకుపోయి కొవ్వులా మారిపోవాలి. మీకు పోలేదు సరికదా, ఇంకా పెరిగింది."

"అంటే నాకింకా చిన్నతనం పోలేదంటారు" అంది అక్క. బావ ఆ ముక్కకు గట్టిగా తలూపాడు.

"అదేం చేస్తదండీ లోపల?" అని నేను అడిగాను.

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పారు. మన ఒంట్లో కాపలా కణాలు ఉంటాయట. ఎముకల మూలుగులో పుడతాయట. పుట్టగానే వాటికి ఏమీ తెలియదు. కొన్ని ఈ గ్రంథిలోకి వచ్చి పాఠం నేర్చుకుంటాయి. ఒకటే పాఠం: ఒంట్లో మనవాళ్ళెవరు, బయటి నుంచి వచ్చిన రోగమేది. మనవాళ్ళ మీదే చెయ్యెత్తేవాటిని ఈ గ్రంథి అక్కడికక్కడే అంతం చేస్తుంది. నేర్చుకోవడానికి వచ్చినవాటిలో ఎక్కువ భాగం అక్కడే పోతాయట. పరీక్ష నెగ్గిన కొద్దిపాటివే ఒళ్ళంతా తిరిగి కాపలా కాస్తాయి.

అక్క అందుకుంది. "తిరనాళ్ళకి బ్యాడ్జీలు పెట్టిన వాలంటీర్లలాగ."

"అలాగే. మీ గ్రంథి చెడిపోయి, సొంత ఊరివాళ్ళనే కొట్టేవాళ్ళకు బ్యాడ్జీలు ఇస్తోంది."

"పోయినేడు మా బావని అట్టాగే కొట్టారండీ" అన్నాను నేను. బావకు ఆ సంగతి ఎత్తడం నచ్చలేదు.

"ఇంతకీ వాళ్ళు ఎక్కడ కొడుతున్నారంటే" అని ఆవిడ కొనసాగించారు, "మీ నరం, మీ రేవులో పాట పాడే మనిషి లాంటిది. కదలమని పాడుతుంది. కండ వ్యాపారి లాంటిది. విని కదలాలి. వీళ్ళు చేసేదేమిటంటే, ఆ కండ చెవులు మూసేస్తున్నారు. మొదట్లో నరం గట్టిగా పాడుతుంది కాబట్టి మూసిన చెవులకు కూడా కాస్త వినపడుతుంది. పాడగా పాడగా నరం దగ్గర కబురు మోసే సరుకు తగ్గుతుంది. అప్పుడు కండకు అసలు వినపడదు. రెప్ప వాలుతుంది, గొంతు ఆగుతుంది. పడుకుని లేస్తే మళ్ళీ సరుకు నిండుతుంది."

"మరి ఐసు?" అని నేను ఉండబట్టలేక అడిగాను.

"నరం పంపిన కబురును చెరిపేసేది ఒకటి అక్కడ ఉంటుంది. చల్లదనానికి అది నెమ్మదిస్తుంది. కబురు కాసేపు ఎక్కువ నిలబడుతుంది. మీ ఐసు నిజంగానే పనిచేసిందండీ, రెప్ప వరకు." ఆ ముక్కను నేను ఇప్పటికీ అందరికీ చెబుతాను. డాక్టరు గారే అన్నారు మరి.

మాత్రలు మొదలుపెట్టారు. ఇంజక్షన్ చేసిన పనే మాత్రలు కాస్త నిదానంగా చేస్తాయి. కానీ ఆ ముద్దను తీసేయాలన్నారు. దానికి రొమ్ము మధ్య ఎముకను నిలువునా కోయాలి. ఆ మాటకు బావ గోడ పట్టుకున్నాడు.  అక్క ఒక్కతే తాపీగా ఉంది. రొయ్యకు తల ఎక్కడ గిల్లాలో చూసినట్టు ఫిలిమ్‌ను చూస్తూ అడిగింది.

"రోగాల్నుంచి కాచేది అదేనన్నారు గదమ్మా. అదే తీసేస్తే నన్నెవరు కాస్తారు?"

"పెద్దవాళ్ళలో దాని పని చాలావరకు అయిపోతుందమ్మా. ఎప్పుడో చిన్నప్పుడు అక్కడ నేర్చుకుని బయటికొచ్చిన కాపలావాళ్ళు మీ ఒళ్ళంతా ఉన్నారు. వాళ్ళు ఉంటారు."

"గొంతొస్తదా?"

రాజ్యలక్ష్మి గారు మాట దాటెయ్యలేదు. ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

"చాలామందికి బాగవుతుంది. నెలలు పట్టొచ్చు, ఏళ్ళు పట్టొచ్చు. కొందరికి అంతగా కాదు. మీకు తప్పకుండా వస్తుందని మాత్రం నేను చెప్పలేను."

అక్క నా వైపు, బావ వైపు చూసింది. మేమిద్దరం నేల వైపు చూశాం. "కొయ్యమనండి" అంది.

ఆపరేషన్ రోజు బావ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, ఎవరు పలకరించినా ఉలిక్కిపడ్డాడు. నిజమైన వల ఒకటి చేతికిచ్చి ఉంటే బాగుండేదనిపించింది. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు గాలి మిషను మీద ఉంచి, మెల్లగా ఆ మిషను తీసేశారు. అక్క మాట్లాడగలిగిన మొదటి రోజున సర్జన్ గారిని ఒకటే కోరింది, తీసింది చూపించమని. ఆయన ఒక సీసా తెప్పించారు. పసుప్పచ్చగా, అరచేయంత ముద్ద.

అక్క దాన్ని తిప్పి తిప్పి చూసింది. చేపను చూసే చూపే అది.

"ఇంతేనా? పావుకిలో కూడా తూగదు. మా రేవులో దీన్నెవరూ పాడుకోరు" అంది.

తర్వాత కొన్ని నెలలు పటమటలో తన కూతురు పద్మశ్రీ ఇంట్లో ఉంది, ఆసుపత్రికి దగ్గరని. మాత్ర వేళకు వేసుకోవడం, ఎండలో తిరగకపోవడం, పడుకోవడం. ఆ మూడోది అక్కకు చేతకాదు. గుమ్మంలో కూర్చుని వచ్చే పోయే కూరగాయల బళ్ళవాళ్ళతో బేరాలాడేది. గొంతు ఎంతసేపు నిలుస్తోందో వాళ్ళ మీద చూసుకునేది. మొదట్లో ఒక్క బండి. తర్వాత రెండు, ఆపైన వీధిలో ఎన్ని వస్తే అన్ని. ఒక బండివాడు ఆ వీధికి రావడమే మానేశాడు. పద్మశ్రీ ఫోనులో నాకు ఆ సంగతి చెప్పి మొత్తుకుంది. నేను ఎగిరి గంతేశాను.

ఇక్కడ రేవులో గంగాధర్ మైకు వైభవం కూడా చెప్పాలి. పిల్లాడు మంచివాడు, తప్పు వాడిది కాదు. కరెంటుది. మంచి ఊపు మీద పాట ఉండగా కరెంటు పోయేది. మైకు ఆగేది. గొంతు ఆగినట్టా కాదా అని పెద్దలు తలపట్టుకునేవారు. బ్యాటరీ పెట్టెను తెచ్చాడు. అది కూతపెట్టేది. చివరికి గంగాధరే పటమట వచ్చి, "పిన్నీ, తొందరగా వచ్చెయ్యవే, నావల్ల కావట్లేదు" అని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు.

అయినా కట్టుబాటు కట్టుబాటే. పరీక్ష పరీక్షే. మరుసటి ఏడు చలి మొదలయ్యాక ఒక పొద్దున అక్క మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, కొంగు బిగించి రేవులోకి దిగింది. ఊరంతా అక్కడే. ఈసారి మొదటి రాశి కోసం ఎవరూ కొట్టుకోలేదు. అందరికంటే ముందు వచ్చిన సుబ్బరత్నం తన చాప తీసుకెళ్ళి వరసకు ఆఖరున పరిచి రొయ్యలు పోసింది. ఎవరూ పోయమనలేదు. అక్క అది చూసింది.

పాట మొదలైంది. పాత గొంతేనని అబద్ధం చెప్పను. కాస్త బొంగురు చేరింది. కానీ ధర ఎక్కుతోంది, తిట్లు పడుతున్నాయి, కనుసైగలు ఒక్కటీ తప్పిపోవడం లేదు. తను మూయాలనుకున్న చోటే నోరు మూస్తోంది. ఒక్కొక్క రాశీ లేచిపోతోంది. నేను అక్క పక్కనే నిలబడి ఊపిరి పీల్చడం మర్చిపోతున్నాను. బావ వల సంగతే మర్చిపోయాడు. సూర్యుడు తాటిచెట్ల మీదికి వచ్చేసరికి మిగిలింది ఒక్కటే రాశి, సుబ్బరత్నం రొయ్యలు.

అక్క ఎత్తుకుంది. ఏలూరాయన పాడాడు. మరియదాసు కనుబొమ్మ ఎగరేశాడు. ధర ఇంకా కిందే ఉంది. అక్క రొయ్యల వైపు, పక్కనే చేతులు కట్టుకుని నిలబడిన సుబ్బరత్నం వైపు చూసింది. చూస్తూ చూస్తూ ఆగిపోయింది.

 పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను గబుక్కున అక్క మొహంలోకి చూశాను. రెప్పలు రెండూ పైకే ఉన్నాయి. కళ్ళ నిండా నీళ్ళు. జబ్బు కాదు, దుఃఖం కూడా కాదు, గొంతుకు అడ్డం పడిన సంతోషం. కానీ దూరంగా నిలబడినవాళ్ళకు అది ఎలా తెలుస్తుంది? గొంతు ఆగింది. చివరి మాట మరియదాసుది. రొయ్యలు మళ్ళీ నీళ్ళ ధరకు అతనివే. రేవు గంగాధర్‌ది.

మరియదాసు గొడుగు మడిచాడు. ముందుకు వచ్చాడు. ఎప్పుడూ నోరు తెరవని మనిషి నోటితోనే, గట్టిగా, తను చెప్పిన ధర మీద ఇంకో ఇరవై ఎక్కువ పాడాడు.

"నీ పాట మీద నువ్వే పాడుకుంటన్నావేంటయ్యా!" అన్నాడు ఏలూరాయన.

"పాట అవలేదుగా" అన్నాడు మరియదాసు. "పెద్దింట్లమ్మ గారు ఊపిరి తీసుకుంటన్నారు. కానియ్యండమ్మా."

సరుకు దక్కినవాడే పాట తెగలేదంటుంటే కాదనడానికి పెద్దలెవరు? ఒకాయన పైకి చూశాడు, ఇంకొకాయన మీసం సవరించుకున్నాడు. నాకైతే ఆ మరియదాసును ఎత్తుకుని గిరగిరా తిప్పాలనిపించింది. ఇన్నాళ్ళూ అతని మీద పెంచుకున్న కోపమంతా ఎటుపోయిందో తెలియదు.

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఏవయ్యా మరియదాసూ, నా గొంతు పోయిందనుకున్నావా?" అని రేవంతా మోగేటట్టు అరిచింది. "ఇరవై ఎక్కువిస్తానన్నావు, అందరూ విన్నారు, ఇంక వెనక్కి పోదు! చూడండయ్యా రొయ్యలు, సుబ్బరత్నం రొయ్యలు, పొద్దున్నే పట్టినయ్యి, ఇంకా మీసాలు తిప్పుతున్నయ్యి. ఏలూరాయనా, అట్టా చూస్తావేంటి, నీకు చేతులు లేవా?"

ఏలూరాయన పాడాడు. మరియదాసు పాడాడు. ఇంకో ఇద్దరు దూరారు. ధర ఎక్కుతూ ఎక్కుతూ, ఆ ఏడాది రొయ్యలకు రేవులో ఎవరూ చూడనంత పైకి వెళ్ళింది. అక్క ఆపలేదు. సుబ్బరత్నమే చాలు చాలని చెయ్యి ఊపింది. అయినా ఆపలేదు. ఇంకొంచెం పాడింది, ఇంకొంచెం. ఆ గొంతు వింటూ ఊరంతా నిలబడిపోయింది.

అప్పుడు నోరు మూసింది. తనంతట తనే.